పొలం పని తర్వాత వచ్చిన జ్వరం దిగకపోతే: నల్లమచ్చ వెతకడం, పరీక్ష, మందు, ఆ తర్వాత

"మలేరియా లేదన్నారు, డెంగ్యూ లేదన్నారు. టైఫాయిడ్ అని మూడు రోజులు ఇంజెక్షన్లు చేశారు. జ్వరం మాత్రం దిగట్లేదు. ఇప్పుడేం చేయాలి?"

వరికోతలు మొదలయ్యాక సంక్రాంతి దాటేదాకా నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఉత్తరాంధ్రలో చీపురుపల్లి, రాజాం వైపు నుంచి అడుగుతారు, పలాస, మందస జీడితోటల వాళ్లూ అడుగుతారు. నేను తిరిగి వాళ్లను రెండు అడుగుతాను: ఈ మూడు వారాల్లో ఎక్కడెక్కడ పని చేశారు? ఒంటిమీద ఎక్కడైనా నొప్పిలేని నల్లమచ్చ ఉందా? మచ్చ మాట ఎత్తగానే చాలామంది వింతగా చూస్తారు. అప్పటిదాకా వాళ్లను అది ఎవరూ అడిగి ఉండరు, వాళ్లూ చూసుకుని ఉండరు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. మందు రాయడం నా పని కాదు. కానీ రక్తం ఇవ్వడానికి వచ్చేలోపు ఇంట్లో చేసుకోగలిగిన పని చాలా ఉంది. అది చేసుకుని వచ్చినవాళ్లకు జబ్బు తొందరగా దొరుకుతుంది.

ముందు తెలియాల్సింది కొంచెమే

స్క్రబ్ టైఫస్ అనే జ్వరం చిగ్గర్ అనే పురుగు కుడితే వస్తుంది. ఆ పురుగు మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. గడ్డిలో, పొదల్లో, పంట గట్ల మీద ఉంటుంది. పిల్లదశలో ఎలుకల్ని, పందికొక్కుల్ని పట్టుకుని బతుకుతుంది, దారిలో మనం దొరికితే మనల్ని కుడుతుంది. కుట్టిన సంగతి తెలియదు. పశువుల చెవుల్లో కనిపించే గోమార్లు వేరు, ఇది వేరు. కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు, ఎక్కువమందికి 10, 12 రోజులకు జ్వరం మొదలవుతుంది. అందుకే నిన్న ఎక్కడికి వెళ్లారన్నది కాదు, రెండు వారాల కింద ఏ పనిలో ఉన్నారన్నది గుర్తు చేసుకోవాలి.

రెండోది ఎలుక జ్వరం. ఆసుపత్రి చీటీ మీద లెప్టోస్పైరోసిస్ అని రాస్తారు. ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో పుండో పగులో ఉన్న కాలు పెడితే వస్తుంది. దీని గురించి కింద విడిగా రాశాను.

దగ్గర పెట్టుకోవలసినవి

థర్మామీటర్, టార్చి (ఫోను లైటు చాలు), ఒక కాగితం, పెన్ను, లీటరు నీళ్ల బాటిల్ ఖాళీది ఒకటి, ఒంటిని చూడటానికి ఇంట్లో మనిషి ఒకరు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆధార్, బియ్యం కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు. చీటీ లేకపోతే ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులైనా తీసుకెళ్లండి. "తెల్లమాత్ర, ఎర్రమాత్ర ఇచ్చారు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

1. కాగితం మీద తేదీ వేయండి

జ్వరం ఏ రోజు మొదలైందో రాయండి. ఒళ్లు వెచ్చబడిన రోజు నుంచి లెక్కపెట్టాలి, ఆసుపత్రికి వెళ్లిన రోజు నుంచి కాదు. అక్కడ చేసే పరీక్షల్లో సగం ఈ తేదీ మీదే ఆధారపడతాయి.

దాని కింద గత మూడు వారాల పనులు రాయండి. వరి కోత, కుప్ప వేయడం, నూర్పు, జీడితోటలో తుప్పలు కొట్టడం, మొక్కజొన్న, సరుగుడు తోట, మేకలు మేపడం, వంటకు పుల్లలు ఏరడం, ఆరుబయట బహిర్భూమికి వెళ్లడం, ఏదైనా సరే. "నేను పొలం పనికి పోను" అనే వాళ్లకు కూడా జబ్బు వస్తుంది. పెరట్లో తుప్పలు పెరిగి ఎలుకలు తిరుగుతుంటే చాలు. పిల్లలు గడ్డివాము దగ్గర ఆడుకున్నా చాలు.

2. జ్వరం కొలిచి రాయండి

పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. చేత్తో నుదురు ముట్టుకుని చూడటం కొలత కాదు. పక్కనే పారాసిటమాల్ ఎన్ని గంటలకు వేసుకున్నారో కూడా రాయండి. పెద్దవాళ్లకు 650 మాత్ర అయితే ఆరు గంటల ఎడం ఇవ్వాలి, రోజుకు నాలుగు దాటకూడదు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అంత వాడకూడదు.

హెచ్చరిక: జ్వరం ఏమిటో తేలేదాకా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు వద్దు. డెంగ్యూ అయితే రక్తస్రావం భయం, స్క్రబ్ అయినా ఎలుక జ్వరమైనా కిడ్నీల మీద అదనపు భారం. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇది నేను వేరే చెప్పనక్కర్లేదు, కానీ చెబుతాను. ఊళ్లో అంతమందికి కిడ్నీ జబ్బు ఉండగా కూడా "ఒళ్లు నొప్పులకు ఒక సూది" అడిగి మరీ వేయించుకుంటున్నారు. జ్వరం గంటలో దిగుతుంది, ఒంట్లో జబ్బు అలాగే ఉంటుంది. కిడ్నీలకు ఆ సూది ఏం చేసిందో తర్వాత తెలుస్తుంది.

3. మచ్చ వెతకండి

ఇది తీరిగ్గా చేయాల్సిన పని. పగటి వెలుతురులో తలుపు వేసుకుని, భార్యో భర్తో, అమ్మో అక్కో, మీరు సిగ్గుపడని మనిషి సాయంతో చేయండి. ఆసుపత్రిలో రద్దీలో డాక్టర్ మిమ్మల్ని బట్టలు విప్పించి ఒళ్లంతా చూడటం జరిగే పని కాదు, ముఖ్యంగా ఆడవాళ్లను. ఇంట్లో పావుగంట చాలు.

ఎలా ఉంటుంది? చుట్ట నిప్పు తగిలి కాలినట్టు ఉంటుంది. మధ్యలో నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. అర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. ముట్టుకుంటే నొప్పి లేదు, దురద లేదు. అందుకే ఇన్నాళ్లూ మీకు తెలియలేదు. నొప్పి పుట్టి చీము పట్టింది సెగగడ్డ అయి ఉంటుంది. దురద పుట్టి గీరుకుంటున్నది దోమకాటో గజ్జో అయి ఉంటుంది.

ఎక్కడ చూడాలి? బట్ట బిగుసుకునే చోట, చెమట పట్టే చోట. ఈ వరసలో చూడండి:

తల వెంట్రుకల్లో, చెవి వెనక, మెడ చుట్టూ (పిల్లలకు ముందు ఇక్కడే చూడాలి). రెండు చంకలు, చెయ్యి పైకెత్తి. ఆడవాళ్లకు రొమ్ముల కింద మడతలో, లంగా బొందు కట్టుకునే చోట నడుము చుట్టూ. మగవాళ్లకు మొలతాడు కింద, లుంగీ ముడి దగ్గర. బొడ్డు, పొట్ట మడతలు. గజ్జలు, మర్మావయవాలు, వృషణాల వెనక వైపు, పిరుదుల మధ్య. మోకాళ్ల వెనక. వీపు.

చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద తడి ఉంటుంది కాబట్టి అక్కడ పక్కు నల్లగా గట్టిపడకపోవచ్చు. పైపొర ఊడిన చిన్న పుండులా, పసుపుగానో లేత ఎరుపుగానో కనిపిస్తుంది. నల్లగా లేదని దాన్ని వదిలేయకండి.

దొరకడానికి ఒక ఉపాయం ఉంది. గజ్జల్లో గానీ చంకలో గానీ బిళ్ల కట్టిందేమో తడిమి చూడండి. కుడి గజ్జలో బిళ్ల ఉంటే కుడి కాలు, కుడి పిరుదు, మర్మావయవం చుట్టూ మళ్లీ వెతకండి. చంకలో ఉంటే ఆ వైపు చెయ్యి, రొమ్ము, వీపు పైభాగం.

దొరికితే ఫోనులో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా చెప్పుకోలేని చోట ఉంటే. డాక్టర్‌కి నోటితో చెప్పలేకపోయినా ఫొటో చూపించవచ్చు. పక్కును గీకకండి, పీకకండి, సున్నం, పసుపు, జీడి ఏదీ పెట్టకండి. కొన్నిచోట్ల ఆ పక్కునుంచే పరీక్షకు నమూనా తీస్తారు, పైగా జీడి పెడితే అసలు మచ్చ ఏదో, జీడి కాలిన మచ్చ ఏదో ఎవరికీ తెలియకుండా పోతుంది.

మచ్చ దొరకలేదా? అయినా స్క్రబ్ కాదని అనుకోవడానికి లేదు. అందరికీ మచ్చ రాదు. దొరికితే జబ్బు దాదాపు పట్టుకున్నట్టే, దొరక్కపోతే మిగతా మెట్లు అలాగే కొనసాగించాలి.

4. ఎప్పుడు వెళ్లాలి, వెళ్లాక ఏం చెప్పాలి

జ్వరం మూడో రోజుకీ ఉంటే వెళ్లండి. మచ్చ కనిపిస్తే మూడో రోజు దాకా ఆగనవసరం లేదు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు మీదకు వచ్చే ముప్పు సాధారణంగా రెండో వారంలో మొదలవుతుంది. మొదటి వారం మన చేతిలో ఉన్న వారం. దాన్ని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లతో గడిపేస్తున్నారు.

డాక్టర్ దగ్గర మీకు దొరికేది రెండు నిమిషాలు. కాబట్టి ఇలా చెప్పండి:

"సార్, సోమవారం నుంచి జ్వరం, ఈరోజుకు ఐదో రోజు. రెండు వారాల కింద వరి కోశాను. తలనొప్పి బాగా ఉంది. గజ్జలో ఈ మచ్చ ఉంది, చూడండి. ఊళ్లో రెండు రోజులు ఈ మందు వాడాను. బీపీ ఉంది, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఇంత వచ్చింది."

ఆడవాళ్లయితే గర్భం ఉంటే గానీ, నెల తప్పి అనుమానంగా ఉంటే గానీ అది ముందే చెప్పాలి. మందు మారుతుంది.

ఏజెన్సీ వైపు తిరిగి వచ్చినవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పండి. మలేరియా రక్తపరీక్ష ముందు చేస్తారు, చేయాలి కూడా. ఒకే మనిషికి రెండు జ్వరాలు కలిసి ఉండటమూ జరుగుతుంది.

5. పరీక్షలు: ఏది ఎప్పుడు నమ్మాలి

ఇక్కడే ఎక్కువ గందరగోళం. నా బల్ల ముందు రోజూ చూసేది కాబట్టి కొంచెం విడమరిచి రాస్తున్నాను.

వైడాల్ పరీక్ష ఒక్కసారి చేసి "టైఫాయిడ్ ఉంది" అని చెప్పడం సరికాదు. మన ప్రాంతంలో ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి పోయినవాళ్లకు, వేరే జ్వరాలు ఉన్నవాళ్లకు కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. టైఫాయిడ్ తేల్చాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) తీయాలి. వైడాల్ కాగితం చూసి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలవుతాయి. టైఫాయిడ్‌కి అది మంచి మందే. స్క్రబ్ టైఫస్ మీద మాత్రం పనిచేయదు. అందుకే నాలుగు రోజులు ఆ ఇంజెక్షన్ పడ్డాక కూడా జ్వరం 103 దగ్గరే ఉంటే, ఆ సంగతే డాక్టర్‌కి ఒక ఆధారం. దాచకుండా చెప్పండి.

ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగ్యూ అనుకోవడం ఇంకో పొరపాటు. స్క్రబ్‌లోనూ తగ్గుతాయి, ఎలుక జ్వరంలోనూ తగ్గుతాయి. కౌంట్ చూసి బొప్పాయి ఆకు రసం తాగుతూ ఇంట్లో కూర్చోవడం వల్ల రోజులు పోతాయి. డెంగ్యూ ఎన్ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో పనికొస్తుంది.

స్క్రబ్ టైఫస్‌కి అడగాల్సింది ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష. జ్వరం మొదలైన ఐదు నుంచి ఏడు రోజుల తర్వాతే ఇది సరిగ్గా పలుకుతుంది. రెండో రోజు చేయించుకుని నెగటివ్ వచ్చిందని సంబరపడకండి. మొదటి మెట్టులో తేదీ వేయమన్నది ఇందుకే. మీ పీహెచ్‌సీలో ఈ పరీక్ష జరగకపోతే నమూనా పైకి పంపుతారేమో అడగండి, లేదంటే ఏరియా ఆసుపత్రికో జిల్లా ప్రభుత్వాసుపత్రికో రాయించుకోండి. వీల్ ఫెలిక్స్ అని పాత పరీక్ష ఒకటి ఇంకా చేస్తుంటారు. అది నెగటివ్ వస్తే జబ్బు లేదని అనుకోవడానికి లేదు.

వీటితో పాటు మూత్ర పరీక్ష, క్రియాటినిన్, కాలేయం పరీక్ష. జబ్బు పేరు తెలియకపోయినా జబ్బు ఎంత దూరం వెళ్లిందో ఇవి చెబుతాయి.

6. మందు

పేరు తెలిస్తే తప్పేమీ లేదు: డాక్సీసైక్లిన్. పెద్దవాళ్లకు సాధారణంగా 100 మిల్లీగ్రాములది రోజుకు రెండు పూటలా, వారం రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి డాక్టరే లెక్క వేయాలి. లక్షణాలు, మచ్చ, చేసిన పని మూడూ కలిస్తే రిపోర్టు కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టడం సరైన పద్ధతి. "రిపోర్టు రాకుండానే మాత్రలిచ్చేశాడు" అని ఆ డాక్టర్‌ని తిట్టుకోకండి. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్లకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే, ఒక్కటే ఇచ్చినదానికన్నా చిక్కులు తగ్గాయని మన దేశంలోనే జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది.

మాత్ర వేసుకునే తీరు ముఖ్యం:

ఏదైనా తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి. వేసుకున్నాక అరగంట పడుకోవద్దు, మాత్ర గొంతులో అంటుకుంటే గుండె దగ్గర మంట, పుండు. పాలు, గ్యాస్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలు దీనితో కలిపి వద్దు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. చోడి (రాగి) అంబలి తాగే అలవాటున్నవాళ్లు దాన్నీ ఎడంగానే తాగండి, చోళ్లలో కాల్షియం ఎక్కువ. ఎండలోకి వెళ్తే చర్మం కందిపోతుంది, తలగుడ్డ వేసుకోండి.

మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొని, జ్వరం దిగగానే ఆపేయడం బాగా జరుగుతోంది. జ్వరం తిరగబెడుతుంది. రాసినన్ని రోజులూ వాడాలి.

7. పనిచేసిందో లేదో చూసుకోండి

ఈ జబ్బులో ఒక మంచి సంగతి ఉంది, మందు పడితే ఫలితం త్వరగా తెలుస్తుంది. మొదటి మాత్ర వేసుకున్న గంట రాసుకోండి. 48 గంటల్లో జ్వరం దిగాలి, తలనొప్పి తగ్గాలి. పారాసిటమాల్ వేయకుండా కొలిచిన జ్వరమే లెక్క, మాత్ర ప్రభావంలో కొలిచి "దిగింది" అనుకోవద్దు. మూడో రోజుకీ దిగకపోతే అదే కాగితంతో తిరిగి వెళ్లండి. జబ్బు వేరేదో అయి ఉండొచ్చు, లేదా చిక్కు మొదలై ఉండొచ్చు.

రెండో కొలత మూత్రం. ఖాళీ లీటరు బాటిల్ ఇందుకే. 24 గంటల్లో అర లీటరు కూడా రాకపోతే కిడ్నీల మీద దెబ్బ పడుతున్నట్టు అనుమానించాలి.

కింద ఉన్నవాటిలో ఏ ఒక్కటి ఉన్నా లెక్కలు మానేసి 108కి ఫోన్ చేయండి: ఆయాసం, మాట తడబడటం లేదా మగత, ఫిట్స్, కళ్లు పచ్చబడటం, మూత్రం ఆగిపోవడం, ఎక్కడి నుంచైనా రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం. ఊపిరి ఆడక ఆయాసపడేవాళ్లను ఆటోలో కుదుపుకుంటూ తీసుకెళ్లడం కన్నా ఆక్సిజన్ ఉన్న బండి కోసం ఆగడం మేలు. బండి రాదని తేలితే మాత్రం దొరికిన వాహనంలో వెళ్లిపోవాలి.

ఎలుక జ్వరం అయితే తేడా ఏమిటి

ఉభాలప్పుడు (వరినాట్లప్పుడు) బురదలో దిగినవాళ్లు, వంశధార, నాగావళి వరద నీళ్లలో నడిచినవాళ్లు, సోంపేట బీలలో (చిత్తడి నేలల్లో) చేపలు పట్టేవాళ్లు, పశువుల సాల శుభ్రం చేసేవాళ్లు, కాలువ పూడిక తీసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. నీళ్లలో దిగిన 5 నుంచి 14 రోజుల్లో ఎక్కువగా వస్తుంది, నెల దాకా కూడా పట్టవచ్చు.

పిక్కలు నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు. ఈ రెండూ జ్వరంతో కలిసి ఉంటే "నీళ్లలో దిగాను" అన్న మాట డాక్టర్‌కి తప్పక చెప్పండి. తర్వాత కళ్లు పచ్చబడితే పసిరిక మందు పోయించుకోవడానికి తిరగకండి. ఆ తిరిగే రెండు రోజుల్లోనే కిడ్నీలు పోతాయి. జబ్బు తేలిగ్గా ఉన్నప్పుడు దీనికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, ముదిరితే పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్ ఆసుపత్రిలో ఇస్తారు.

వరద తర్వాత మురికినీళ్లలో రోజుల తరబడి పని చేయాల్సి వస్తే, ముందు జాగ్రత్తగా వారానికోసారి వేసుకునే మాత్ర గురించి పీహెచ్‌సీలో అడగండి. ఊరందరికీ కాదు, నీళ్లలో నిజంగా దిగేవాళ్లకే.

రేపు మళ్లీ పొలానికి వెళ్లేముందు

నిండు చేతుల చొక్కా, ఫ్యాంటు వేసుకుని, అంచులు సాక్సులోకో బూటులోకో దోపుకోండి. ఉక్కగా ఉంటుంది, నిజమే. కనీసం తుప్పలు కొట్టే రోజు, కుప్పలు విప్పే రోజు పాటించండి. అన్నం తినడానికి గట్టు మీద నేరుగా కూర్చోకండి, కింద టార్పాలిన్ వేసుకోండి. విప్పిన చొక్కాను గడ్డి మీద పడేయడం, ఉతికిన బట్టలు తుప్పల మీద ఆరేయడం మానండి. డీట్ ఉన్న దోమల క్రీము చేతులకు, కాళ్లకు రాసుకుంటే చిగ్గర్‌కీ పనిచేస్తుంది.

ఇంటికి రాగానే, టీ కన్నా ముందు, సబ్బుతో రుద్ది స్నానం. పురుగు ఒంటిమీద చోటు వెతుక్కుంటూ కొంతసేపు తిరుగుతుంది. ఆలోపు రుద్దుకుంటే పోతుంది. పొలం బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి.

పెరట్లో తుప్పలు, ఇంటి గోడకు ఆనించిన పుల్లలమోపు, గడ్డివాము కింద ఎలుకల కన్నాలు చూసుకోండి. ముందు తుప్పలు కొట్టి శుభ్రం చేసి, ఎలుకల సంగతి తర్వాత చూడండి. ఎలుకలు ఒక్కసారిగా చచ్చిపోతే పురుగులకు మిగిలేది మనమే.

ఇంకా అడిగేవి

రోగిని విడిగా పడుకోబెట్టాలా? అక్కర్లేదు. స్క్రబ్ టైఫస్ మనిషి నుంచి మనిషికి అంటదు. కంచం, గ్లాసు వేరు చేయనవసరం లేదు.

టీకా ఉందా? స్క్రబ్ టైఫస్‌కి లేదు.

ఒకసారి వస్తే మళ్లీ రాదా? వస్తుంది. ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిలో రకాలు చాలా ఉన్నాయి, ఒకదాని నుంచి వచ్చిన రక్షణ ఎక్కువ కాలం నిలవదు. వచ్చే ఏడాది కోతల తర్వాత జ్వరం వస్తే మళ్లీ తేదీ వేసుకుని, మళ్లీ ఒళ్లంతా వెతకాల్సిందే.

ఆవులకు, మేకలకు మందు పోయాలా? స్క్రబ్ టైఫస్ కోసం అక్కర్లేదు. కానీ ఇంట్లో ఎవరికైనా ఎలుక జ్వరం తేలి, అదే సమయంలో సాలలో చూడి పశువు ఈసుకుపోయినా (కడుపు పోయినా), పాలు ఎర్రగా వచ్చినా పశువుల డాక్టర్‌కి చూపించండి. ఆ ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తీయకండి, కుక్కలకు వేయకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పాతిపెట్టండి.